మానవ దేహంలో నీటి పంపిణీ, సమతౌల్యం: పరిమాణం, గాఢత అనే రెండు కొలతల పరిశీలన

వ్యాస సంగ్రహం

మానవ దేహంలో అత్యధిక భాగం నీరే. ఈ నీరు కణాల లోపల, కణాల వెలుపల, రక్తనాళాలలో నిర్దిష్టమైన నిష్పత్తిలో పంపిణీ అయి ఉంటుంది. ఈ పంపిణీని నిలిపే భౌతిక నియమాలను, నీటి రాబడి వ్యయాలను సరిచూసే నాడీ, వినాళగ్రంథి, మూత్రపిండ వ్యవస్థలను ఈ వ్యాసం వివరిస్తుంది. దేహం కాపాడుకొనేది ఒక్క నీటి మొత్తాన్ని కాదు. ద్రవాల గాఢత ఒకటి, రక్తప్రసరణకు అవసరమైన ద్రవ పరిమాణం మరొకటి. ఈ రెండింటికీ వేర్వేరు గ్రాహకాలు, వేర్వేరు సాధనాలు ఉన్నాయి. ‘నిర్జలీకరణం’ అనే ఒకే మాట కింద రెండు భిన్న స్థితులు కలిసిపోవడం వల్ల అతిసారం, వడదెబ్బ, శిశుపోషణ వంటి సందర్భాలలో కలిగే పొరపాట్లను చర్చించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: కణాంతర్గత ద్రవం, కణబాహ్య ద్రవం, ద్రవాభిసరణం, సోడియం, వాసోప్రెసిన్, ఆల్డోస్టిరాన్, సమస్థితి, నిర్జలీకరణం.

1. ఉపోద్ఘాతం

దేహంలోని ద్రవాలను కొలవాలన్న ఆలోచన ప్రాచీనమైనది. చరకసంహిత శారీరస్థానంలో దేహంలోని ఉదకం పది అంజలులని, రసం తొమ్మిది అంజలులని, రక్తం ఎనిమిది అంజలులని చెప్పబడింది. ఆ సంఖ్యలకన్నా గమనించవలసింది ఆ కొలమానం. అక్కడ అంజలి అంటే ఎవరి దోసిలి వారిదే. మనిషి పరిమాణాన్ని బట్టి కొలత కూడా మారుతుంది. నేటి శరీరధర్మశాస్త్రం దేహద్రవాలను శరీర బరువులో ఇంత శాతమని చెప్పడంలోనూ ఇదే సాపేక్ష దృష్టి ఉంది.

19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కణాలను ఆవరించి ఉన్న ద్రవాన్ని ‘అంతర పరిసరం’గా భావించాడు. బయటి వాతావరణం ఎంత మారినా ఈ అంతర పరిసరం స్థిరంగా ఉండటమే స్వతంత్ర జీవనానికి ఆధారమని ప్రతిపాదించాడు. 20వ శతాబ్దపు తొలి దశకాలలో అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ ఈ భావనను విస్తరించి, ‘హోమియోస్టాసిస్’ అనే పేరు పెట్టాడు. తెలుగులో దీనిని ‘సమస్థితి’ అంటున్నాం. సమస్థితి అంటే నిశ్చలత్వం కాదు. నిరంతరం పోతూ, నిరంతరం వస్తూ ఉన్నా మొత్తం మారకుండా నిలవడం. దేహంలోని నీరు దీనికి చక్కని ఉదాహరణ.

2. మొత్తం నీరు, దాని విభాగాలు

70 కిలోల బరువుగల ఆరోగ్యవంతుడైన యువకుని దేహంలో సుమారు 42 లీటర్ల నీరు ఉంటుంది. అంటే బరువులో 60 శాతం. స్త్రీలలో ఇది 50 నుండి 55 శాతం వరకు, నవజాత శిశువులలో సుమారు 75 శాతం, వృద్ధులలో 50 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఈ భేదాలకు ముఖ్యకారణం కొవ్వు. కండరంలో దాదాపు 75 శాతం నీరు ఉండగా, కొవ్వు కణజాలంలో 10 నుండి 20 శాతానికి మించదు. అందువల్ల ఒకే బరువున్న ఇద్దరిలో స్థూలకాయునికి నీటి నిల్వ తక్కువ.

ఈ 42 లీటర్లలో మూడింట రెండు వంతులు, అంటే 28 లీటర్లు కణాల లోపల ఉంటాయి. ఇది కణాంతర్గత ద్రవం. మిగిలిన 14 లీటర్లు కణబాహ్య ద్రవం. దీనిలో సుమారు 3 లీటర్లు రక్తనాళాలలోని ప్లాస్మా కాగా, 11 లీటర్లు కణాల నడుమ ఉండే కణమధ్య ద్రవం. మస్తిష్కమేరు ద్రవం, కీళ్లలోని ద్రవం, కంటిలోని ద్రవం వంటి ప్రత్యేక ద్రవాలన్నీ కలిపి సుమారు ఒక లీటరు. వాటిని ఇక్కడ కణమధ్య ద్రవంతోనే లెక్కించడమైనది. రక్తం మొత్తంగా 5 లీటర్లయినా, ఎర్ర రక్తకణాలలోని నీరు కణాంతర్గత విభాగానికే చెందుతుందన్నది గుర్తుంచుకోవాలి.

రక్తపీడనాన్ని నిలిపి, ప్రతి అవయవానికీ ఆక్సిజన్‌ను చేరవేసే ద్రవం మొత్తం నీటిలో పద్నాలుగో వంతు మాత్రమే. నీటి నష్టం ఏ విభాగం నుండి జరుగుతున్నదనే ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం ఇదే.

3. కొలిచే విధానం

జీవించి ఉన్న మనిషిలోని నీటిని కొలవడానికి ‘విలీన పద్ధతి’ని వాడతారు. తెలిసిన మోతాదులో ఒక పదార్థాన్ని దేహంలోకి పంపి, అది సమంగా కలిసిన తరువాత దాని గాఢతను కొలుస్తారు. పంపిన మోతాదును ఆ గాఢతతో భాగిస్తే అది వ్యాపించిన ద్రవం ఘనపరిమాణం వస్తుంది. ఏ విభాగాన్ని కొలవాలో దానికి తగిన పదార్థాన్ని ఎంచుకోవాలి. భారజలం నీరున్న ప్రతిచోటికీ చేరుతుంది కనుక దానితో మొత్తం నీరు తెలుస్తుంది. 1934లో జార్జ్ హెవెసీ, ఎరిక్ హోఫర్‌లు భారజలాన్ని వినియోగించి మానవ దేహంలోని నీటిని అంచనా వేశారు. ఇనులిన్ రక్తనాళాల నుండి బయటికి వస్తుంది కాని కణాలలోకి పోదు. కనుక అది కణబాహ్య ద్రవాన్ని తెలుపుతుంది. ప్లాస్మాలోని ఆల్బుమిన్‌కు అంటుకొనే ఇవాన్స్ నీలి రంగు ప్లాస్మా పరిమాణాన్ని తెలుపుతుంది. కణాంతర్గత, కణమధ్య ద్రవాలను నేరుగా కొలిచే మార్గం లేదు. అవి తీసివేతల ద్వారా లభించే విలువలే.

4. కణపొర వద్ద: లవణాల వెంట నీరు

నీటిని ఒకచోటి నుండి మరొకచోటికి నెట్టే పంపు ఏదీ దేహంలో లేదు. దేహం లవణాలను కదిలిస్తుంది, నీరు వాటిని అనుసరిస్తుంది. కణబాహ్య ద్రవంలో సోడియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌లు, పొటాషియం 4 మిల్లీమోల్‌లు ఉంటాయి. కణం లోపల ఈ స్థితి తారుమారవుతుంది. అక్కడ పొటాషియం సుమారు 140, సోడియం 10 నుండి 15 వరకు మాత్రమే. ఈ వ్యత్యాసాన్ని నిలిపేది కణపొరలోని సోడియం-పొటాషియం పంపు. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కో 1957లో వెల్లడించిన ఈ ఎంజైము, ఒక ఏటీపీ అణువును ఖర్చుచేసి మూడు సోడియం అయాన్లను వెలుపలికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి పంపుతుంది. ఈ కృషికి స్కో 1997లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

లవణ సంఘటనలో ఇంత భేదమున్నా, కణం లోపలా వెలుపలా కరిగి ఉన్న కణికల మొత్తం గాఢత సమానమే. కిలో నీటికి 275 నుండి 295 మిల్లీ ఆస్మోల్‌లు. ఒకవైపు గాఢత పెరిగితే నీరు అటువైపు కదిలి, కొద్ది నిమిషాలలోనే సమానత్వం ఏర్పడుతుంది. ఇదే ద్రవాభిసరణం. దీని బలం ఊహకు మించినది. కణపొరకు ఇరువైపులా ఒక్క మిల్లీ ఆస్మోల్ భేదమున్నా అది సుమారు 19 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి సమానం. అందుచేత అతిస్వల్ప భేదం కూడా నీటిని కదిలించగలదు.

కణపొరలోని కొవ్వు పొరల గుండా నీరు ఇంత వేగంగా ఎలా సాగుతున్నదన్నది చాలాకాలం సమస్యగానే ఉండేది. 1992లో పీటర్ ఆగ్రే, ఆయన సహచరులు ఎర్ర రక్తకణాల పొరలోని ఒక ప్రోటీను నీటికి ప్రత్యేక మార్గమని నిరూపించారు. దానికి ‘ఆక్వాపోరిన్’ అని పేరు. ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

పై వివరాల నుండి ఒక ముఖ్యమైన సూత్రం లభిస్తుంది. సోడియం కణబాహ్య ద్రవానికే పరిమితం. కాబట్టి దేహంలో ఉన్న సోడియం మొత్తం కణబాహ్య ద్రవ పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. దానితో పోల్చినప్పుడు నీరు ఎంత ఉన్నదనేది గాఢతను నిర్ణయిస్తుంది. రక్తపరీక్షలో కనిపించే సోడియం విలువ సోడియం మొత్తాన్ని తెలిపేది కాదు. సోడియానికీ నీటికీ నడుమ ఉన్న నిష్పత్తిని మాత్రమే తెలుపుతుంది.

5. రక్తకేశనాళిక వద్ద: పీడనాల తూకం

ప్లాస్మాకూ కణమధ్య ద్రవానికీ నడుమ ఉన్న గోడ రక్తకేశనాళిక. లవణాలు దీని గుండా స్వేచ్ఛగా సాగుతాయి కాని ప్రోటీన్లు సాగలేవు. 1896లో ఆంగ్ల శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఇక్కడి తూకాన్ని వివరించాడు. రక్తపీడనం ద్రవాన్ని బయటికి నెడుతుంది. సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసానికి సమానమైన ప్లాస్మా ప్రోటీన్ల ఆకర్షణ ద్రవాన్ని లోపల నిలుపుతుంది. బయటికి వచ్చిన ద్రవంలో చాలాభాగం నాళిక చివర తిరిగి లోపలికి వెళుతుందని చాలాకాలం పాఠ్యగ్రంథాలు బోధించాయి. అయితే ఇటీవలి పరిశోధనలు, చాలా కణజాలాలలో ఈ ద్రవం ప్రధానంగా శోషరస నాళాల ద్వారానే రక్తంలోకి చేరుతున్నదని చూపి, స్టార్లింగ్ సిద్ధాంతాన్ని సవరించాయి.

ఈ తూకం తప్పినప్పుడు కనిపించేదే వాపు. గుండె వైఫల్యంలో సిరల పీడనం పెరగడం వల్ల, కాలేయ, మూత్రపిండ వ్యాధులలో ఆల్బుమిన్ తగ్గడం వల్ల, బోదకాలు వ్యాధిలో శోషరస నాళాలు దెబ్బతినడం వల్ల కణమధ్య ద్రవం పేరుకుంటుంది. పైకి వాపు ఒకేలా కనిపించినా వీటి కారణాలు వేరు, చికిత్సలు వేరు.

6. రాబడి, వ్యయం

సమశీతల వాతావరణంలో సాధారణ పనులు చేసుకొనే వ్యక్తికి రోజుకు సుమారు 2500 మిల్లీలీటర్ల నీరు సమకూరుతుంది. పానీయాల నుండి 1500, ఆహారం నుండి 700, దేహంలో ఆహారపదార్థాల దహనం వల్ల ఏర్పడే జీవక్రియా జలం 300. వ్యయం కూడా అంతే. మూత్రం 1500, చర్మం, ఊపిరితిత్తుల ద్వారా తెలియకుండా ఆవిరయ్యేది 800, చెమట 100, మలం 100. వీటిలో దేహం తన ఇష్టానుసారం మార్చుకోగలిగినవి రెండే రెండు. రాబడి వైపు దాహం, వ్యయం వైపు మూత్రం.

జీర్ణనాళంలో జరిగే లావాదేవీ ఈ లెక్కలో కనిపించదు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, ఆంత్రరసాల రూపంలో రోజుకు సుమారు 7 లీటర్ల ద్రవం జీర్ణనాళంలోకి స్రవిస్తుంది. తీసుకొన్న 2 లీటర్లతో కలిసి ఇది 9 లీటర్లు. దీనిలో దాదాపు అంతా తిరిగి శోషణ చెందుతుంది. ప్లాస్మాకు మూడింతలైన ఈ ప్రవాహంలో శోషణ కొంత దెబ్బతిన్నా లేదా స్రావం అతిగా పెరిగినా కొన్ని గంటలలోనే ప్రాణాపాయం రావచ్చు. కలరాలో జరిగేది ఇదే.

‘రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తప్పనిసరి’ అన్న ప్రచారాన్ని కూడా ఈ పట్టికతో సరిచూడవచ్చు. 1945లో అమెరికాకు చెందిన ఆహార పోషణ మండలి పెద్దలకు రోజుకు 2.5 లీటర్ల నీరు అవసరమని సూచిస్తూనే, దానిలో చాలాభాగం ఆహారంలోనే లభిస్తుందని పేర్కొన్నది. ప్రచారంలో మొదటి మాట నిలిచి, రెండోది జారిపోయింది. అన్నం, పప్పు, చారు, మజ్జిగలతో కూడిన భోజనంలో నీటి వాటా తక్కువేమీ కాదు. అవసరమైన నీరు వాతావరణాన్ని, శ్రమను బట్టి మారుతుందే తప్ప అందరికీ ఒకే సంఖ్య వర్తించదు.

7. గాఢతను కాపాడే వ్యవస్థ

మెదడులోని హైపోథలామస్‌లో ద్రవాభిసరణ గ్రాహకాలు ఉన్నాయి. ఇవి రక్తం గాఢతను నిరంతరం గమనిస్తాయి. ఆంగ్ల శాస్త్రవేత్త ఇ. బి. వెర్నీ కుక్కలపై చేసిన ప్రయోగాల ఆధారంగా 1947లో వీటి ఉనికిని ప్రతిపాదించాడు. గాఢత 1 నుండి 2 శాతం పెరిగినా ఇవి స్పందిస్తాయి. పర్యవసానంగా పీయూష గ్రంథి పర భాగం నుండి వాసోప్రెసిన్ విడుదలవుతుంది. గాఢత మరికొంత పెరిగితే దాహం కలుగుతుంది. అంటే దాహం వేసే సమయానికే మూత్రపిండం నీటిని పొదుపు చేయడం మొదలుపెట్టి ఉంటుంది.

మూత్రపిండాలు నిమిషానికి 125 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. 3 లీటర్ల ప్లాస్మా రోజుకు రమారమి 60 సార్లు వడపోతకు గురవుతుందన్నమాట. దీనిలో సుమారు మూడింట రెండు వంతులు సమీపస్థ నాళికలోనే తిరిగి శోషణ చెందుతుంది. హెన్లీ శిక్యం మూత్రపిండ దవ్వలో అత్యధిక లవణగాఢతను నిర్మిస్తుంది. తుది నిర్ణయం సంగ్రహణ నాళంలో జరుగుతుంది. వాసోప్రెసిన్ ఉన్నప్పుడు ఆ నాళపు కణపొరలలో ఆక్వాపోరిన్-2 మార్గాలు అమరుతాయి. నీరు గాఢమైన దవ్వలోకి చేరి, రక్తంలో కలుస్తుంది. వాసోప్రెసిన్ లేనప్పుడు ఆ మార్గాలు ఉపసంహరించబడి, పలుచని మూత్రం అధికంగా వెలువడుతుంది. ఈ హార్మోను లోపించిన అతిమూత్ర వ్యాధిలో రోజుకు 10 లీటర్లకు మించి మూత్రం పోవచ్చు.

మూత్రం గాఢత 50 నుండి 1200 మిల్లీ ఆస్మోల్‌ల వరకు మారగలదు. రోజూ విసర్జించవలసిన వ్యర్థాలు, లవణాలు సుమారు 600 మిల్లీ ఆస్మోల్‌లు. అత్యధిక గాఢతలో వీటిని పంపడానికి అర లీటరు నీరు తప్పనిసరి. అత్యల్ప గాఢతలో 12 లీటర్ల వరకు పోవచ్చు. దేహం నీటిని ఎంత పొదుపు చేసినా అర లీటరు కన్నా తగ్గించలేకపోవడానికి కారణం ఇదే. కాబట్టి మూత్రపిండం నష్టాన్ని తగ్గించగలదే కాని పోయిన నీటిని పూరించలేదు. ఆ పని దాహానిదే.

8. పరిమాణాన్ని కాపాడే వ్యవస్థ

గాఢతలో ఏ మార్పూ లేకుండానే ద్రవ పరిమాణం తగ్గవచ్చు. రక్తస్రావంలో జరిగేది అదే. అప్పుడు గాఢతను గమనించే గ్రాహకాలకు ఏ లోపమూ తెలియదు. ఇందుకు మరో వ్యవస్థ అవసరం. మహాధమని, గ్రీవాధమని గోడలలోని పీడన గ్రాహకాలు, కర్ణికలలోని సాగుదలను గుర్తించే గ్రాహకాలు, మూత్రపిండంలోని ప్రత్యేక కణాలు రక్తనాళాలు ఎంత నిండుగా ఉన్నాయో గమనిస్తాయి.

రక్త పరిమాణం తగ్గినప్పుడు మూత్రపిండం రెనిన్‌ను విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో ఏర్పడే ఆంజియోటెన్సిన్-2 రక్తనాళాలను సంకోచింపజేస్తుంది, దాహాన్ని కలిగిస్తుంది, అధివృక్క గ్రంథి వల్కలం నుండి ఆల్డోస్టిరాన్‌ను స్రవింపజేస్తుంది. ఆల్డోస్టిరాన్ మూత్రంలో పోవలసిన సోడియాన్ని ఆపుతుంది. సోడియం వెంట నీరు నిలుస్తుంది. పరిమాణం అధికమైతే కర్ణికల కండరం నాట్రియురెటిక్ పెప్టైడ్‌ను విడుదల చేసి సోడియం విసర్జనను పెంచుతుంది. 1981లో అడాల్ఫో డి బోల్డ్, ఆయన సహచరులు ఈ చర్యను కనుగొనడంతో గుండె కూడా ఒక వినాళగ్రంథిలా పనిచేస్తుందని తేలింది.

ఈ రెండు వ్యవస్థలూ పూర్తిగా విడివడినవి కావు. రక్త పరిమాణం 5 నుండి 10 శాతం మేరకు తగ్గితే, గాఢతతో నిమిత్తం లేకుండా వాసోప్రెసిన్ విడుదలవుతుంది. అంటే మామూలు సమయంలో గాఢతకు ప్రాధాన్యం, ఆపత్సమయంలో పరిమాణానికి ప్రాధాన్యం. రక్తం పలుచబడినా సరే, రక్తప్రసరణ ఆగకూడదన్నది దేహం ఎంచుకొన్న క్రమం.

9. ‘నిర్జలీకరణం’ అనే మాటలోని రెండు స్థితులు

పై వివేచన ఆచరణలో ఎందుకు అవసరమో ఒక లెక్క ద్వారా స్పష్టమవుతుంది. ఒక వ్యక్తి 2 లీటర్ల శుద్ధజలాన్ని కోల్పోయాడనుకొందాం. జ్వరంతో ఉండి నీరు తాగలేని వృద్ధునిలో దీనికి దగ్గరి స్థితి ఏర్పడుతుంది. ఈ నష్టం 42 లీటర్ల మీద పంచబడుతుంది. ప్లాస్మా వాటా సుమారు 140 మిల్లీలీటర్లు మాత్రమే. సోడియం గాఢత 140 నుండి 147కు పెరుగుతుంది. దాహం తీవ్రమవుతుంది. మెదడు కణాలు కుంచించుకుపోవడం వల్ల మగత, అయోమయం కలుగుతాయి. రక్తపీడనం మాత్రం చాలాసేపు నిలుస్తుంది.

మరొక వ్యక్తి అతిసారంలో ప్లాస్మాతో సమానమైన గాఢతగల 2 లీటర్ల ద్రవాన్ని కోల్పోయాడనుకొందాం. గాఢతలో భేదం లేదు కనుక కణాల నుండి నీరు బయటికి రాదు. నష్టమంతా 14 లీటర్ల కణబాహ్య ద్రవం నుండే. ప్లాస్మా వాటా సుమారు 430 మిల్లీలీటర్లు, అంటే ప్లాస్మాలో 14 శాతం. నాడి బలహీనపడి, చేతులు చల్లబడి, రక్తపీడనం పడిపోతుంది. రక్తపరీక్షలో సోడియం విలువ మాత్రం మామూలుగానే ఉండవచ్చు. ఇవి స్థూలమైన లెక్కలే అయినా, ఒకే 2 లీటర్ల నష్టం రెండు వేర్వేరు ప్రమాదాలకు దారితీస్తుందని చూపడానికి చాలు.

చికిత్సకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. తెలుగు పల్లెలలో నీరసానికి సిరలోకి ఎక్కించే సీసా ఏదైనా ‘సెలైన్’ లేదా ‘గ్లూకోజ్’ అనే వ్యవహారం ఉంది. ఈ రెండు మాటలూ ఒకే అర్థంలో వాడబడుతున్నాయి కాని ఆ రెండు ద్రవాలూ దేహంలో చేరే చోట్లు వేరు. ఒక లీటరు 0.9 శాతం లవణ ద్రావణం కణబాహ్య విభాగంలోనే నిలుస్తుంది. దానిలో 200 మిల్లీలీటర్లకు పైగా ప్లాస్మాలో మిగులుతుంది. ఒక లీటరు 5 శాతం గ్లూకోజ్ ద్రావణంలోని గ్లూకోజ్ ఖర్చయిపోయాక మిగిలేది శుద్ధజలమే. అది మొత్తం 42 లీటర్లలో కలిసిపోగా, ప్లాస్మాకు దక్కేది సుమారు 70 మిల్లీలీటర్లు. అతిసారంతో రక్తపీడనం పడిపోయిన రోగికి రెండోది ప్రాణం నిలిపే ద్రవం కాజాలదు.

నీరు అధికమవడమూ ప్రమాదమే. సోడియం లేకుండా 3 లీటర్ల నీరు దేహంలో మిగిలిపోతే సోడియం గాఢత 140 నుండి సుమారు 131కి పడిపోతుంది. నీరు కణాలలోకి చేరుతుంది. ఇతర అవయవాలు ఉబ్బినా ఓర్చుకొంటాయి కాని పుర్రెలో బంధితమైన మెదడుకు ఆ వెసులుబాటు లేదు. తలనొప్పి, వాంతులు, మూర్ఛలు, చివరకు మరణం కూడా సంభవించవచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష జరిపిన 488 మంది పరుగు క్రీడాకారులలో 13 శాతం మందికి సోడియం తగ్గి ఉన్నట్లు, పరుగు సమయంలో బరువు పెరగడానికీ ఈ స్థితికీ సంబంధమున్నట్లు 2005లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది.

తెలుగు ప్రాంతాల ఎండలకు ఈ అంశం నేరుగా సంబంధించినది. 2015 మే నెల వడగాడ్పులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా మరణించారు. ఎండలో శ్రమించే కూలీకి గంటకు లీటరుకు పైగా చెమట పోవచ్చు. చెమట ప్లాస్మాకన్నా పలుచనిది. అందువల్ల ప్రధాన నష్టం నీటిదే అయినా, గంటల తరబడి చెమటోడ్చినప్పుడు లవణ నష్టం కూడా గణనీయమవుతుంది. వేడికి అలవాటుపడిన దేహం ఆల్డోస్టిరాన్ సాయంతో చెమటలోని సోడియాన్ని తగ్గించుకొంటుంది. ఆ అలవాటు ఏర్పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. వేసవి తొలి వడగాడ్పులలోనూ, కొత్తగా ఎండపనిలో చేరినవారిలోనూ అపాయం ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

10. పేగుగోడలోని ద్వారం: ఉప్పు, చక్కెరల జోడి

1831-32లో బ్రిటన్‌లో కలరా వ్యాపించినప్పుడు విలియం ఒషానెస్సీ రోగుల రక్తాన్ని విశ్లేషించి, అందులో నీరు, లవణాలు తగ్గాయని కనుగొన్నాడు. ఆ ఆధారంతో 1832లో థామస్ లాట్టా రోగుల సిరలలోకి లవణజలాన్ని ఎక్కించాడు. 1959లో కోల్‌కతా శాస్త్రవేత్త శంభునాథ్ డే కలరా సూక్ష్మజీవి విడుదల చేసే విషపదార్థమే పేగులలోకి ద్రవాన్ని స్రవింపజేస్తున్నదని నిరూపించాడు. 1960లో రాబర్ట్ క్రేన్ పేగు కణాలలో గ్లూకోజ్, సోడియం జంటగా శోషణ చెందుతాయని ప్రతిపాదించాడు. కలరాలో స్రావం ఎంత పెరిగినా ఈ జంట ద్వారం మూసుకుపోదు. గ్లూకోజ్ సోడియాన్ని లోపలికి తీసుకుపోతే, సోడియం వెంట నీరు వెళుతుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి, సిరలోకి ఎక్కించే ద్రవాలు చాలనప్పుడు, డా. దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన ద్రావణాన్ని నోటి ద్వారా తాగించే ఏర్పాటు చేశారు. 30 శాతం దరిదాపుల్లో ఉన్న మరణాల రేటు 4 శాతం కన్నా తక్కువకు దిగింది. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించబడింది. 2002 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తున్న ద్రావణంలో లీటరుకు సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్‌లు ఉంటాయి. మొత్తం గాఢత 245 మిల్లీ ఆస్మోల్‌లు. ప్లాస్మాకన్నా ఇది కొంచెం పలుచన కావడం వల్ల నీరు పేగు నుండి రక్తంలోకి సులభంగా చేరుతుంది.

పొట్లంపై సూచించిన కొలతకన్నా తక్కువ నీటిలో కలిపితే ద్రావణం గాఢమై, నీరు పేగులోకే తిరిగి రావచ్చు. ఎక్కువ నీటిలో కలిపితే లవణం చాలదు. ‘విరేచనాలవుతుంటే నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయి’ అని బిడ్డకు నీరు ఆపే అలవాటు కొన్ని ఇళ్లలో నేటికీ ఉంది. అది నష్టాన్ని ఆపదు, పూరణను మాత్రమే ఆపుతుంది. ఉప్పు వేసిన గంజిలోని పిండిపదార్థం పేగులో గ్లూకోజ్‌గా విడిపోయి ఇదే ద్వారాన్ని ఉపయోగించుకొంటుంది. బియ్యపు పిండితో చేసిన ద్రావణాలు కలరాలో ఫలవంతమని పరిశోధనలు కూడా తెలిపాయి. అయితే ఇంటి గంజిలో ఉప్పు కొలత నిశ్చితం కాదు. కనుక దానిని తక్షణ సహాయంగా గ్రహించాలే తప్ప ప్రమాణ ద్రావణానికి ప్రత్యామ్నాయంగా కాదు.

11. వయస్సు, సమతౌల్యం

శిశువు దేహంలో నీటి శాతం ఎక్కువైనా భద్రత తక్కువ. బరువుతో పోల్చితే చర్మ వైశాల్యం అధికం, కణబాహ్య ద్రవం వాటా అధికం, మూత్రాన్ని గాఢం చేసే శక్తి తక్కువ, దాహాన్ని చెప్పుకొనే మాట లేదు. అందుకే పెద్దలలో స్వల్పమనిపించే విరేచనాలు శిశువులో ప్రమాదకరమవుతాయి. మరోవైపు, తల్లిపాలలో సుమారు 87 శాతం నీరే. ఆరు నెలలలోపు శిశువుకు వేసవిలోనైనా తల్లిపాలు తప్ప విడిగా నీరు పట్టనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. విడిగా పట్టే నీరు పాలు తాగడాన్ని తగ్గిస్తుంది, కలుషితమైతే అతిసారాన్ని తెస్తుంది, అధికమైతే సోడియాన్ని పలుచబరుస్తుంది.

వార్ధక్యంలో నీటి నిల్వ తగ్గుతుంది, మూత్రాన్ని గాఢం చేసే శక్తి క్షీణిస్తుంది, దాహపు స్పందన మందగిస్తుంది. రక్తపోటుకు వాడే మూత్రవర్ధక ఔషధాలు సోడియం నష్టాన్ని పెంచుతాయి. ‘దాహం వేసినప్పుడు తాగితే చాలు’ అన్న సూత్రం ఆరోగ్యవంతులైన యువకులకు సరిపోయినా వృద్ధులకు చాలదు. అదేవిధంగా ‘ఎంత తాగితే అంత మంచిది’ అన్న సలహా గుండె, మూత్రపిండ రోగులకు హానికరం.

12. ముగింపు

పై పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

1. దేహంలో నీరు లవణాలను అనుసరించి పంపిణీ అవుతుంది. కణాంతర్గత ద్రవాన్ని పొటాషియం, కణబాహ్య ద్రవాన్ని సోడియం, ప్లాస్మాను ప్రోటీన్లు నిలుపుతున్నాయి.

2. గాఢతను దాహం, వాసోప్రెసిన్‌లు నీటి ద్వారా సరిచేస్తాయి. పరిమాణాన్ని రెనిన్, ఆల్డోస్టిరాన్, నాట్రియురెటిక్ పెప్టైడ్‌లు సోడియం ద్వారా సరిచేస్తాయి. రెండింటికీ వైరుధ్యం వచ్చినప్పుడు పరిమాణ రక్షణదే పైచేయి.

3. శుద్ధజల నష్టం, లవణజల నష్టం భిన్న స్థితులు. మొదటిది ప్రధానంగా కణాలను, రెండోది రక్తప్రసరణను దెబ్బతీస్తుంది. వైద్యబోధనలోనూ, ప్రజారోగ్య ప్రచారంలోనూ ‘నిర్జలీకరణం’ అనే ఒక్క మాటతో సరిపెట్టకుండా ‘జలలోపం’, ‘ద్రవ పరిమాణ లోపం’ అని విడదీసి వాడటం తెలుగులో అర్థస్పష్టతకు తోడ్పడుతుంది.

4. వడగాడ్పులు, అతిసారం, శిశుపోషణ, వృద్ధుల సంరక్షణ వంటి విషయాలలో ‘ఎంత నీరు?’ అన్న ప్రశ్నతో పాటు ‘దేనితో కలిసిన నీరు?’ అన్న ప్రశ్న కూడా వేయాలి. కొద్దిపాటి ఉప్పు, కొద్దిపాటి చక్కెర, సరైన కొలత నీరు కలిసినప్పుడు అది ప్రాణాధారమవుతుందని బన్‌గావ్ శిబిరం నిరూపించింది. ఆ కొలత వెనుక ఉన్న కారణాన్ని ప్రజలకు వారి భాషలో తెలియజేయడం శాస్త్రబోధకుల బాధ్యత.